మూసిన గాలిబావి దగ్గర వెనక్కి చూడొద్దు

గోదావరిఖనిలో పాత గని మీద, గాలి కోసం తవ్వి తరువాత మూసేసిన బావి ఒకటుండేది. కప్పు కూలి నడుందాకా బొగ్గులో కూరుకుపోయిన మనిషి అందులోనే ఉన్నాడని దానికి పేరు. అక్కడి తుప్పల చాటుకు దొడ్డికి పోయినవాడు లేచాక వెనక్కి చూడొద్దు. చూశాడా... నడుం పట్టుకుంటాడు.

డెబ్బై రెండులో సంగతి. గనిలో గట్టయ్యతో పనిచేసిన మొగిలి చెప్పిందే చెబుతున్నా. రెండో షిఫ్టు దిగి గట్టయ్య రోజూ అక్కడ ఆగేవాడు. మొగిలి దూరంగా నిలబడి బీడీ కాల్చేవాడు.

"జల్ది రా బావ. వాడు లేస్తడు."

"లేస్తే నీ బీడీ అడుగుతడు తియ్."

పరాచికాలకేం గానీ, గట్టయ్య వెనక్కి మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

ఆ వానాకాలం ఒక రాత్రి, లేవబోతుంటే పట్టుకుంది. కడుపులో ఒక చెయ్యి, వెన్నులో ఒక చెయ్యి... నడుమ బట్ట పిండినట్టు.

"మొగిలీ," అన్నాడు మెల్లగా. "పట్టిండు."

భార్య సారవ్వ కోడిని కోయించింది. మంత్రగాడు నడుముకు నల్లదారం బిగించాడు.

"ఇది జారిందంటే వాడు గుంజుతున్నట్టే."

పక్షం తిరగకముందే జారింది. మళ్ళీ కట్టాడు. మళ్ళీ జారింది... ముడి మాత్రం వేసినట్టే ఉంది. మూడోసారి నిద్రలోనే మోకాళ్ళ దాకా వచ్చింది. సారవ్వ తెల్లవార్లూ దీపం ఆర్పలేదు.

పొద్దున చూస్తే గట్టయ్య కళ్ళు పచ్చగా ఉన్నాయి.

పట్నం దవాఖానలో కడుపు కోసి చూసి, ఏమీ తీయకుండానే కుట్టేశారు. డాక్టరు సారవ్వను పక్కకు పిలిచాడు.

"దారాన్ని ఎవరూ గుంజలేదమ్మా. మనిషే చిక్కిపోయాడు. పెద్దపేగులో రాచపుండు పుట్టింది. కడుపు వెనకాల, వెన్నుకు ఆనుకొని క్లోమం ఉంటుంది. అక్కడిదాకా పాకింది. చాన్నాళ్ళుగా దొడ్డిలో నెత్తురు పడి ఉంటుంది. చూసుకోలేదా?"

"ఆడ... వెనక్కి చూడొద్దు సారూ."

డాక్టరు కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు.

"దయ్యమైతే బాగుండు," అంది సారవ్వ. "ఇంకో కోడిని కోస్తుంటి."

ఎండాకాలం రాకముందే గట్టయ్య పోయాడు.

తరువాత ఒక రాత్రి మొగిలి ఒక్కడే తుప్పల చాటు నుంచి లేచాడు. బీడీ తీయలేదు. అగ్గిపుల్ల గీసి, వెనక్కి తిరిగి, కింద చూశాడు.

పుల్ల ఆరింది.

ఇంకోటి గీశాడు...