కింది మూల

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చి అది మూడో ఏడు. పొద్దున్నే పెద్దాయన వసారాలో కాఫీ తాగుతుండగా చమురు కంపెనీ మనిషి పటం పట్టుకుని వచ్చాడు. పక్క పొలంలో చమురు బావి తవ్వుతారట. లారీలకు ఈయన పొలంలోంచి దారి కావాలి. పాడైన నేలకు పరిహారం రాసిస్తారు.

"ఎటునుంచి ఇస్తారో మీరే చెప్పండి," అన్నాడు.

పెద్దాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పటం మీద కింది మూల చూపించాడు. "ఇటు తీసుకో. అంతా ఇసుకమేట."

"అలాగే. ఇవాళే గుర్తు కర్రలు పాతిస్తాను. రేపు పొద్దున పొలం దగ్గర సంతకాలు పెట్టుకుందాం."

వరద తర్వాత మోకాళ్లు పట్టేసి పెద్దాయన పొలానికి పోలేదు. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. సేద్యమంతా కోడలిదే.

మధ్యాహ్నం కోడలు ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఒకటి పట్టుకుని వచ్చింది.

"నా నారుమడిలో ఇది పాతించింది మీరేనా మామయ్యా?"

"నారుమడా? అక్కడున్నది ఇసుకేగా."

"అది వరద ఏడు. రెండు వేసవులు తట్టలతో ఎత్తి గట్టవతల పోశాను. పేడా ఆకూ వేసి మాగబెట్టాను. ఊళ్లో సగంమంది ఇప్పుడు నా దగ్గరే వంగనారు తీసుకెళ్తున్నారు."

"నాకు చెప్పలేదే."

"మీరు అడిగారా? భోజనం దగ్గర పొలం ఎలా ఉందంటారు. బాగుందంటాను. తలూపుతారు. అక్కడికి మన మాటలు అయిపోతాయి."

"నష్టం కట్టిస్తార్లేమ్మా."

"మొక్కలకు కట్టిస్తారు. ఆ మట్టి మళ్లీ తయారవ్వాలంటే నా నడుం ఇంకోసారి విరగాలి. దానికెవరు కడతారు?" ఆమె కర్రను గోడకు చేరేసింది. "పొలం మీది, కాదనను. నన్ను ఒక్కమాట అడిగితే ఏం పోయేది?"

ఆమె లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు ఆ రోజు కాస్త ఎక్కువగానే వినిపించింది. చివరికి ఆయన లేచి వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ మడి నాకొకసారి చూపిస్తావా?"

"మోకాళ్లు?"

"మెల్లిగా పోదాం."

ఆమె భుజం పట్టుకుని గట్టు దిగాడు. నల్లటి మట్టి గుప్పెడు తీసి నలిపాడు. తన చేతుల మీద ఆ మూల ఎన్నడూ అలా లేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"పొరపాటు నాది తల్లీ. ఇంట్లో కూర్చుని పాత పొలాన్నే చూసుకుంటున్నాను."

"పోన్లెండి మామయ్యా. ఇంకా సంతకం కాలేదుగా."

మర్నాడు పొద్దున పొలం గట్టు మీద కంపెనీ మనిషి కాగితం తన ముందు పెడితే, పెద్దాయన దాన్ని కోడలివైపు జరిపాడు. "సాగు ఆమెది. ఆమెతో మాట్లాడు."

"తూర్పు గట్టు వెంట తీసుకోండి," అందామె.

"చుట్టుదారి కదమ్మా."

"తిరిగేది మీ లారీలేగా. పైమట్టి విడిగా తీసి కుప్ప పోయాలి, మీరు పోయేటప్పుడు మళ్లీ పరచాలి. అదీ రాయండి."

అతను పెద్దాయన కోసం చూశాడు. ఆయన అక్కడ లేడు. మడిలో కలుపు తీస్తూ, వంగనారు మధ్య తనంతట మొలిచిన టమాటా మొక్క దగ్గర ఆగాడు.

"ఇది పీకనా, ఉంచనా అమ్మా?"

ఆమె ఉంచమంది. ఉంచాడు.