కిసూనీ మలుపులో బుస

కొండదారిలో కిసూనీ మలుపు పేరెత్తితే మా మచకోస్ ఊరి కుర్రాళ్ళు గొంతు తగ్గిస్తారు. పొద్దుగూకాక అక్కడ ఏదో బుసకొడుతుందట... స్స్స్... అని. ఆ బుస వినిపించిన కారు ఇక కొండ ఎక్కదు. దగ్గుతుంది, ఢామ్మంటుంది, నడిరోడ్డు మీద చచ్చిపోతుంది. దిగి, దేవుణ్ణి తలుచుకుని, చెమట తుడుచుకుని, కాసేపాగి తాళం తిప్పితే — ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది!

నేను రోజూ రెండు పూటలా నా ముసలి పికప్‌లో పాల క్యాన్లేసుకుని అదే దారిన పోతాను. లారీలు పోతాయి, బస్సులు పోతాయి, గాడిదలు కూడా పోతాయి. ఆ దెయ్యం ఎవరినీ ఏమీ అనదు. దానికి కావలసిందల్లా 'కొండ సింహాల' కార్లే.

కొండ సింహాలంటే టర్బో కార్ల కుర్రాళ్ళ సంఘం. ఛైర్మనున్నాడు, కార్యదర్శి ఉన్నాడు, మీటింగుకి ముందు ప్రార్థన ఉంది, ఫోన్లో గ్రూపుంది. లోటేమీ లేదు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కూరే టర్బో ఉన్న పాత కార్లు కొంటారు. ఉన్నవన్నీ పీకి, లేనివన్నీ పెట్టించుకుంటారు. ఆ మధ్య అందరూ ఇంజన్ పక్కనుండే సన్న గొట్టాన్ని కోయించి, మధ్యలో మూడు నోళ్ళ ప్లాస్టిక్ ముక్క ఒకటి తగిలించుకున్నారు. మూడో నోటికి ఓ చిన్న యంత్రం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే కారు 'ఛూ...' అని చీదుతుంది. ఆ చీదుడు వింటే ఆడపిల్లలు తల తిప్పి చూస్తారని వాళ్ళ నమ్మకం. చూస్తారు, నిజమే. ఎవరికి జలుబు చేసిందా అని.

ఆ మలుపులోనే కవిందు అవ్వ టీకొట్టు. చపాతీలు, బీన్స్ కూర, కెటిల్ నిండా నేను పోసే పాలతో టీ. కార్లు ఆగుతాయి, తోసేవాళ్ళకి ఆకలేస్తుంది, అవ్వ అమ్ముతుంది. మంత్రగత్తె అని ముద్ర వేయడానికి ఇంకేం కావాలి?

"ఆ ముసలిదే దెయ్యాన్ని పెంచుతోంది," అని మీటింగులో గుసగుసలాడాడట ఛైర్మన్ కియోకో. "ఆదివారం సాయంత్రం అందరం కలిసి పోదాం. కొట్టు పీకేస్తే పీడ విరగడవుతుంది."

ఆ కొట్టు పోతే అవ్వకి పూట గడవదు. ఆమె మంచం కూడా కొట్టు వెనకే. ఆ సంగతి మీటింగులో ఒక్కడూ ఎత్తలేదంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సింహాల్లో ముథియానీ ఒక్కడికే మనసొప్పలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు, నీలం కారు వాడిది. కారు ఆగిపోయిన రాత్రుల్లో అవ్వ చేతి టీ తాగి ప్రాణం నిలుపుకున్నవాడు. ముందు నేనొక్కణ్ణే పోయి చూస్తానని శుక్రవారం రాత్రి బయల్దేరాడు. అప్పుడు జరిగింది వాడు నాకు చెప్పిందే.

వాడి కారులో పెట్రోలు ఒత్తిడి చూపే మీటరుంది, పక్కనే టర్బో గాలి మీటరుంది. రెండూ అందానికి పెట్టించినవే. "రెండు ముళ్ళూ కలిసి లేవాలి తమ్ముడూ. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి," అని బిగించిన నైరోబీ మెకానిక్ చెప్పాడు గానీ, ఆ సమయానికి వీడు మీటర్ల నీలి వెలుగు చూసి మురిసిపోతున్నాడు.

చీకటి. పొగమంచు. కొండ ఎక్కుడు మొదలైంది. కాలు గట్టిగా తొక్కాడు. గాలి ముల్లు లేచింది... పెట్రోలు ముల్లు లేవలేదు. వణికింది... కిందికి జారింది —

స్స్స్...

బుస రోడ్డు మీద లేదు. కాళ్ళ ముందు నుంచి... కారులోంచే వస్తోంది! ఇంజన్ దగ్గింది. ఢామ్. ఆగిపోయింది.

అద్దం మీద ఎవరో తట్టారు. టక్... టక్...

ముథియానీ కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చిన ప్రార్థనలన్నీ ఒక్క గుక్కలో చదివేశాడు.

"కళ్ళు తెరువు నాయనా, నేనే," అంది అవ్వ, టార్చిలైటు పట్టుకుని.

"అవ్వా... నీకూ వినిపించిందా?"

"వినపడకేం? నువ్వొస్తే వస్తుంది, నువ్వు పోతే పోతుంది. ఇక్కడ కాపురముండేదైతే రాత్రంతా నన్ను నిద్రపోనివ్వదు కదా? ఆ మూతెత్తి చూడు."

బానెట్ ఎత్తాడు. అవ్వ లైటు వేసింది. సన్న గొట్టం మధ్యలో ఆ ముచ్చటైన ప్లాస్టిక్ ముక్క — నిలువునా పగిలి ఉంది. 'గాలి పెరిగింది, నువ్వూ పెరుగు' అని పెట్రోలుకి కబురు అందాల్సింది ఆ గొట్టంలోంచే. కబురు దారిలోనే పగుల్లోంచి బుస్సుమని పోతోంది. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతోంది. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు టర్బో ఊదదు కాబట్టి ఏమీ కాదు. ఊదేది ఈ ఎక్కుడులోనే. కొట్టు దగ్గర జనం చూస్తారని సింహాలన్నీ కాలు తొక్కేది ఇక్కడే మరి!

ముక్క పీకేశాడు. కోసిన కొసలు రెండూ అవ్వ ఇచ్చిన పాత పెన్ను గొట్టంతో కలిపి, తీగ చుట్టాడు. కిందికి పోయి మళ్ళీ ఎక్కాడు. రెండు ముళ్ళూ కలిసి లేచాయి. బుస లేదు. చీదుడూ లేదు.

ఆ రాత్రే ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. అందరి కార్లలోనూ అదే ముక్క, అందరికీ అదే రోగం అని విడమరిచి చెప్పాడు. ఛైర్మన్ ఫోన్ చేశాడు.

"అది పీకేస్తే మరి కారు ఛూ అనదు కదరా?"

"అనదన్నా."

"దెయ్యమైతే ప్రార్థన చేసుకుంటాం. చప్పుడు లేకుండా నలుగుర్లో ఎలా తిరుగుతాం? ఆదివారం ఖాయం."

గ్రూపులో అందరూ వరసగా దణ్ణం బొమ్మలు పెట్టారు.

ఆదివారం చీకటిపడే వేళకి సింహాలు సుత్తులు, గునపాలు వేసుకుని బయల్దేరాయి. సాయంత్రం పాలతో నేను వాళ్ళ వెనకాలే ఇరుక్కున్నాను. ముథియానీ అప్పటికే పైన కొట్టుకి అడ్డంగా కారు పెట్టి నిలబడ్డాడు. ఒక్కడు ఎంతమందిని ఆపుతాడు?

ఎక్కుడు రాగానే అందరూ ఒక్కసారే కాళ్ళు తొక్కారు. ఊరేగింపు ఘనంగా ఉండాలి కదా. స్స్స్... స్స్స్... కొండంతా పాముల పుట్టయిపోయింది. ఢామ్. ఢాం ఢామ్. ముందు ఛైర్మన్ కారు, దాని వెనక మిగతావి — అన్నీ మలుపు కిందే ఆగిపోయాయి.

నేను స్టీరింగు మీద పడి నవ్వుతున్నాను.

ఇంజన్లన్నీ ఆగాయి. కొండమీద ఒక్క పురుగు కూడా కూయడం లేదు. అప్పుడు...

స్స్స్...

నేను తలెత్తాను. ఏ ఇంజనూ నడవడం లేదు! మరి ఈ బుస?

పైనుంచి, పొగమంచులోంచి, దిగి వస్తోంది. ముందు ఒక ఎర్రటి నోరు కనిపించింది... నేలకి మోకాలెత్తున, ఊగుతూ. దాని మీంచి తెల్లటి ఆవిరి. సుత్తి ఎవరి చేతిలోంచి జారిందో గానీ ఠంగుమంది. ఛైర్మన్ మోకాళ్ళ మీద పడి, "మా అమ్మకి నేనొక్కణ్ణే..." అని ఏడుపందుకున్నాడు. వాడికి నలుగురు తమ్ముళ్ళు.

ఎర్రటి నోరు వాడి ముందుకొచ్చి ఆగింది.

"టీలో చక్కెర ఎంతెయ్యను నాయనా?" అంది కవిందు అవ్వ.

ఒక చేతిలో, పిడి పట్టి మోస్తున్న, నిప్పులు కణకణలాడే బొగ్గుల పొయ్యి. దాని మీద మూత సందుల్లోంచి బుసకొడుతున్న కెటిల్. వెనకాల ముథియానీ, గ్లాసుల బుట్టతో.

అందరూ తలో గ్లాసు తాగారు. తాగేలోపు ఇంజన్లు ఎప్పట్లాగే సర్దుకున్నాయి. తాళం తిప్పితే అన్నీ స్టార్టయ్యాయి. ఛైర్మన్ గ్లాసు వంక చూశాడు, కారు వంక చూశాడు. వాడి ముఖంలో జ్ఞానోదయం అయింది.

"చూశారా? మనం టీ తాగితే దెయ్యం శాంతిస్తుంది!" అన్నాడు. "కొట్టు జోలికి ఎవరూ పోకండి. ఇకనుంచి ఇక్కడ టీ తాగకుండా ఒక్క సింహం కూడా కొండ ఎక్కడానికి వీల్లేదు."

ముథియానీ నోరు తెరవబోయాడు. అవ్వ వాడి కాలు తొక్కింది.

వాళ్ళు పోయాక, కొట్టు దగ్గర క్యాన్లు దించుతున్న నా దగ్గరికొచ్చి అవ్వ గొంతు తగ్గించి చెప్పింది.

"రేపట్నుంచి ఇంకో క్యాను ఎక్కువ తెచ్చిపెట్టు నాయనా. మా దెయ్యానికి దాహం ఎక్కువైంది."