మహా థ్రెడ్‌లో పడిన మాట

ఆ ఆన్‌లైన్ వాలీబాల్ ఫోరంలో ఎవరైనా కొత్త చర్చకు థ్రెడ్ మొదలుపెట్టడం ఆలస్యం, ఫోరం నడిపే ఈలరాయుడు దాన్ని తీసుకెళ్లి మహా థ్రెడ్‌లో కలిపేసేవాడు. అది ఎంత పొడుగంటే, పెళ్లికాని కుర్రాడొకడు కింద నుంచి చదవడం మొదలుపెట్టి పైకి చేరేసరికి ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. అబద్ధమైతే ఆ పిల్లల్నే అడగండి.

ఈలరాయుడన్నది ఫోరంలో పేరు; బయట ప్రపంచంలో అతను కళ్లజోళ్ల షాపు కుర్రాడు. ఒకరోజు మధ్యాహ్నం బడి ఆటల టీచరొకామె వాళ్లమ్మ కళ్లజోడు బిగింపించుకోవడానికి వచ్చి, అతని కంప్యూటర్‌లో ఈలరాయుడు పేరు చూసి ఆగిపోయింది.

"నా థ్రెడ్ మింగింది మీరేనా?"

"ఏ థ్రెడ్డండీ?"

"ఓడిన జట్టు లిబెరోకి ఎవరైనా ఒక మంచి మాట చెప్పారా అని అడిగాను. మూడు నిమిషాలు కూడా బతకనివ్వలేదు."

లిబెరో అంటే నేలకు పడబోయే బంతినల్లా పొర్లి పొర్లి ఎత్తేవాడు. పాయింటు మాత్రం ఇంకొకడిది.

"ఒకే సంగతి పదిమంది పదిచోట్ల అడుగుతారండీ. ఒకచోట ఉంటే అందరూ చూస్తారు."

"సంతలో గుసగుసలాడితే ఎవరికి వినపడుతుందండీ? మా అమ్మ కళ్లజోడన్నా మాకే ఇస్తారా, అందరివీ కలిపి గంపలో పోస్తారా?"

అతను కళ్లజోడు బిగించి ఆమె చేతికే ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె ప్రశ్నతో వేరే థ్రెడ్ తెరిచి, దాన్ని ముట్టుకోనని మాటిచ్చాడు.

మొదట పదకొండుమంది వచ్చారు. మూడు నెలలయ్యేసరికి ఇద్దరే మిగిలారు. ఆట మీద మొదలైన మాటలు ఆమె మోకాలి నొప్పి మీదికీ, అతని చిన్నప్పటి నత్తి మీదికీ వెళ్లాయి. ఫోన్ నంబరు అడిగే ధైర్యం మాత్రం మనవాడికి చాల్లేదు.

శనివారం పొద్దున గుండె చిక్కబట్టుకుని రాశాడు: "రేపు ఫైనల్ మా ఇంట్లో చూద్దాం, వస్తారా? షాపు వెనకే ఇల్లు. అమ్మ కూడా ఉంటుంది. మిమ్మల్ని ఒకటి అడగాలి."

మధ్యాహ్నం చూస్తే ఆ థ్రెడ్ లేదు.

ఫైనల్ అన్న మాట ఉన్న ప్రతి థ్రెడ్డూ పన్నెండింటికల్లా తనంతట తానే మహా థ్రెడ్‌లో కలిసిపోయేలా ముందురోజు ఏర్పాటు చేసింది అతనే. రద్దీ ఎక్కువని సెర్చ్ ఆపేసిందీ అతనే. ఆ ఫోరంకి కలపడమే గానీ విడదీయడం రాదు.

అప్పటికే అతని పిలుపు కింద జనం బారులు తీరారు. "తప్పకుండా వస్తాం." "అమ్మగారికి శ్రమ ఇవ్వం, కుర్చీలు మేమే తెస్తాం."

ఆమె జవాబిచ్చిందో, మాట తప్పాడని మనసు కష్టపెట్టుకుందో తెలియదు. తన పిలుపు కింది పోస్టులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున కూడా అదే పని.

"ఎంతమంది వస్తున్నార్రా?" అంది తల్లి.

"ఒక్కరొస్తే చాలమ్మా."

మధ్యాహ్నం మూడుంబావుకి, ఇద్దరు తిట్టుకుంటున్న చోట, వాళ్ల మధ్యలో దొరికింది: "రావాలనే ఉంది. కానీ మీరొచ్చి పిలవండి. రేపు నాలుగింటిదాకా బడి గ్రౌండ్‌లో ఉంటాను."

చెప్పులు కూడా వెతుక్కోకుండా పరిగెత్తాడు.

ఆమె బంతులు సంచిలో వేస్తోంది. అతన్ని చూసింది, అతని కాళ్లను చూసింది.

"పొద్దున్నే వస్తారనుకున్నాను."

"ఇప్పుడే దొరికిందండీ. ఎనిమిదివేల పోస్టుల తర్వాత."

"అన్నీ చదివారా?"

"ఒక్కటీ వదల్లేదు. మీది దాటిపోతుందేమోనని భయం."

ఆమె సంచి కింద పెట్టింది. ఇంతలో అతని ఫోన్ మోగింది.

"అబ్బాయ్, ముగ్గురు కుర్చీలతో వచ్చారు. ఎవర్రా వీళ్లు?"

"కూర్చోబెట్టమ్మా, వస్తున్నా."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక నెమ్మదిగా అంది: "అక్కడికి వెళ్తే ఆ మాట మళ్లీ జనంలో పడుతుంది. అడగాలన్నది ఇక్కడే అడగండి."

అతనికి చిన్నప్పటి నత్తి తిరిగొచ్చినంత పనైంది. మూడోసారికి మాట పెగిలింది.

"నాతో ఉండిపోతారా?"

"ఉంటాను," అంది ఆమె, సంచి రెండో పిడి అతని చేతికిస్తూ. "ముందు ఆ ముగ్గుర్నీ సాగనంపుదాం పదండి."