గట్టు మీద ఫోన్లు

పది నలభైకి సుచరిత చివరి కొలతమేకు బురదలో దించింది. తీరాన్ని లెక్కగట్టి అనుమతులిచ్చే తూనిక యంత్రం ఆమె మణికట్టు మీద వెంటనే పలికింది.

"మడచెట్లు తొంభై రెండు. పక్షులు డెబ్బై. మానవ వినియోగం సున్నా. కడలికట్టకు పదకొండింటికి అనుమతి."

వెనక కట్టకు గుంజలు దిగ్గొట్టే పదహారు గుంజయంత్రాలు ఇంజన్లు వేడెక్కించుకుంటున్నాయి. ఈ బురద మీద కట్ట లేస్తే పన్నెండు ఊళ్ళు మునక నుంచి బయటపడతాయి. కానీ సున్నా ఏమిటి? ఎదురుగా నడుముల్లోతు బురదలో అరవై మంది ఆడవాళ్ళు గుల్లలు ఏరుతున్నారు!

"తూనికా, మళ్ళీ లెక్కపెట్టు."

"బురదలో సంకేతాలు లేవు. గట్టు మీద అరవై ఒక్క మంది విశ్రాంతి తీసుకుంటున్నారు."

సుచరిత గట్టు వైపు పరుగెత్తింది. టార్పాలిన్ కింద నీలం టబ్బు. దాని నిండా ఫోన్లు. పక్కన, బురదలోంచి వచ్చి గుల్లల తట్ట దించుకుంటున్న మరిడమ్మ.

"ఫోన్లు ఇక్కడ వదిలేస్తారా?"

"మరేంటండీ! రేషనూ పింఛనూ అన్నీ దాన్లోనే. ఉప్పునీళ్ళు తగిల్తే చచ్చూరుకుంటది."

"మీరంతా ఇక్కడ విశ్రాంతి తీసుకుంటున్నారని తూనిక అనుకుంటోంది."

"విశ్రాంతా! ఓసారి వచ్చి నా నడుం చూడమనండి దాన్ని!"

పది యాభై. మనిషి మాట రాసుకునే గడి తూనికలో లేదు. దానికి ఫోన్ల సంకేతాలే కావాలి. వినియోగం యాభై మందిని దాటితే తూనికే కట్ట గీతను అర కిలోమీటరు వెనక్కి గీస్తుంది. తనలాంటి కొలతగత్తె ఆ సంకేతాలను కదిలిస్తే మాత్రం ఉద్యోగం ఆ క్షణమే పోతుంది.

సుచరిత టబ్బు రెండు చేతులా ఎత్తింది.

"మరిడమ్మగారూ, అందర్నీ కేకెయ్యండి. ఫోన్లు కొప్పులకి గుడ్డతో కట్టుకోమనండి. తడిస్తే పూచీ నాది."

"ఒసే, రండే! కొప్పులో పువ్వుల్లేకపోతే పోయె, ఫోన్లెట్టుకుందాం!"

నవ్వులు, కేకలు, తోపులాట. పది యాభై ఆరు. ఆడవాళ్ళు మళ్ళీ బురదలోకి దూకారు. మొదటి గుంజయంత్రం గొలుసులు కదిలాయి. సుచరిత కూడా తన ఫోను కొప్పులో దోపుకుని దిగింది. తూనికలో అంకె పెరుగుతోంది. పన్నెండు. ముప్పై. నలభై తొమ్మిది... అరవై రెండు!

యంత్రం ఆగిపోయింది. తెర మీద కట్ట గీత వెనక్కి జరిగింది. సుచరిత గుర్తింపుచీటీ ఎర్రబడి ఆరిపోయింది.

తూనిక ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇంతకాలం ఫలితాలు చెప్పడమే గాని, అది ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

"తీరమంతా ఇలాంటి విశ్రాంతి స్థలాలు నాలుగు వందల పన్నెండు. అన్ని అనుమతులూ ఆపాను. అక్కడ కూడా ఇంతేనా?"

మరిడమ్మ బురదచేత్తోనే సుచరిత మణికట్టు తన వైపు తిప్పుకుంది.

"అద్గదీ! ఇప్పుడడిగావ్ సరిగ్గా. చెప్తాం, రాసుకో."