సింహాద్రి ఇచ్చిన చార్జ్

అర్ధసంవత్సర పరీక్షల్లో సింహాద్రికి సైన్సులో ఫస్ట్ ర్యాంకు పోయింది మనోజ్‌కుమార్ వల్లే. ఇందులో వాదన లేదు. ఫ్రిక్షన్ పాఠం చెప్పింది సింహాద్రి. విన్నది మనోజ్. మనోజ్‌కి రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. చెప్పినవాడు సెకండ్, విన్నవాడు ఫస్ట్.

ఆ కోపం సింహాద్రి ఎవరికీ చెప్పలేదు. మార్చి దాకా కడుపులోనే దాచుకున్నాడు.

మార్చిలో ఎనిమిదో తరగతి యాన్యువల్ పరీక్షలు. సైన్సు పరీక్షకి ముందురోజు, ఎండ నెత్తికెక్కే వేళకి ముగ్గురు పిల్లలు సింహాద్రి వాళ్ళ క్వార్టర్ వెనక వరండాలో కూర్చున్నారు. సింహాద్రి, మనోజ్, ఛాయ.

ఛాయది బి సెక్షన్. అబ్బాయిలిద్దరిదీ ఎ సెక్షన్. బి సెక్షన్ సైన్సు టీచర్ నెల నుంచి సెలవులో ఉన్నారు. పరీక్ష పేపరు రెండు సెక్షన్లకీ ఒకటే. అందుకని ఆ సెక్షన్ పిల్లలు ఎ సెక్షన్ వాళ్ళని అడిగి చదువుకుంటున్నారు. ఛాయకి ర్యాంకు అక్కర్లేదు. పాసైతే చాలు.

సింహాద్రికి మాత్రం ఫస్టే కావాలి. సైన్సులో ఫస్ట్ వచ్చినవాళ్ళని సెలవుల్లో రాయపూర్ సైన్సు క్యాంపుకి పంపుతామని స్కూల్లో చెప్పారు. ఒక్కరినే.

ముగ్గురూ పాఠాలు పంచుకున్నారు. ఒక్కొక్కరు తన పాఠం బాగా చదివి మిగతా ఇద్దరికీ చెప్పాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'చార్జ్ ఇవ్వడం'. అది స్టీలు ప్లాంటు మాట. సింహాద్రి నాన్న నూకరాజు అక్కడ బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్స్‌లో పని చేస్తాడు. అక్కడ షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి చార్జ్ ఇస్తాడు. ఏ తలుపు లీకవుతోందో, ఏ వాల్వు బిగుసుకుందో అంతా చెప్పాకే ఇంటికెళతాడు. ఎక్కేవాడు ఆ మాట నమ్మి పనిలోకి దిగుతాడు.

పిల్లలూ అంతే. చార్జ్ తీసుకున్న పాఠం మళ్ళీ పుస్తకంలో చూసేవాళ్ళు కాదు.

ఛాయ వంతు చివర. ముందు మనోజ్ ఇచ్చాడు. సౌండ్ పాఠం. స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసి చెంచాతో టింగుటింగుమని కొట్టాడు.

"ఏటర్రా, చదువా, బాజాలా?" అంటూ సింహాద్రి నానమ్మ గున్నమ్మ మరమరాల గిన్నె తెచ్చిపెట్టింది.

"ప్రాక్టికల్, నానమ్మా!" అన్నాడు మనోజ్. తర్వాత గొంతు తగ్గించి, "వినండి యార్, ఇక్కడ అందరూ బోల్తా పడతారు. గట్టిగా కొడితే సౌండ్ పెద్దదవుతుంది, అంతేగానీ కీచుగా మారదు. నేనే రెండుసార్లు తప్పు రాశాను" అన్నాడు.

తర్వాత సింహాద్రి వంతు. కంబశ్చన్ పాఠం. కొవ్వొత్తి మంటలో మూడు భాగాలు బొమ్మ గీసి చెప్పాడు. ఛాయకి కూడా అర్థమైంది.

"మంటలు ఆర్పడం? లాస్ట్ రెండు పేజీలు?" మనోజ్ అడిగాడు. "జనవరిలో సైన్సు మేడమ్ వదిలేశారు కదా?"

వదిలేసిన మాట నిజం. కానీ మొన్న శుక్రవారం, చివరి క్లాసులో మేడమ్ మళ్ళీ ఆ పేజీలు చెప్పారు. మండుతున్న నూనె మీద నీళ్ళు ఎందుకు పోయకూడదు? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఐదు మార్కులు అన్నారు. ఆ రోజు మనోజ్ రాలేదు. విజయనగరం నుంచి తాతయ్య వస్తుంటే దుర్గ్ స్టేషనుకి వెళ్ళాడు.

సింహాద్రి పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"అవును. వదిలేశారు" అన్నాడు.

"పక్కా?" అంది ఛాయ.

"పక్కా."

"హమ్మయ్య! రెండు పేజీలు తప్పాయి, బచ్ గయే!" ఛాయ గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకుంది.

మధ్యాహ్నం బి షిఫ్టుకి బయల్దేరుతూ నూకరాజు వరండాలోకి తొంగిచూశాడు. "ఏరా, చార్జ్ ఇచ్చీసినావా?"

"ఇచ్చీసినాను, నాన్నా."

మర్నాడు పొద్దున్న స్కూలు గేటు ముందు పిల్లలు గుంపులుగా నిలబడి చదువుకుంటున్నారు. సింహాద్రి ఒక గుంపు పక్కగా వెళుతున్నాడు. అతనికి పేరు కూడా తెలియని ఒక అమ్మాయి ఇంకో అమ్మాయికి హిందీలో చెబుతోంది.

"ఆ రెండు పేజీలు చదవకు. అవి రావు. ఛాయ అందరికీ చెప్పింది. ఎ సెక్షన్ సింహాద్రి పక్కా అన్నాడట."

రెండో అమ్మాయి తెరిచిన పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

సింహాద్రికి చెవులు వేడెక్కాయి. అతను మనోజ్ ఒక్కడి దగ్గరే దాచాననుకున్నాడు. ఇప్పుడు బి సెక్షన్ మొత్తం ఆ అబద్ధాన్ని పట్టుకుని పరీక్షకి పోతోంది. అదీ అతని పేరు చెప్పుకుని.

మర్చిపోయానని చెప్పొచ్చు. ఎవరూ అనుమానించరు. ఏమీ చెప్పకపోయినా అనుమానించరు. అతను గేటు దాకా నడిచాడు. అక్కడ ఛాయ కనిపించింది. పక్కనే మనోజ్.

"ఛాయా, ఆ పేజీలు వస్తాయి" అన్నాడు.

"ఏంటి? నువ్వే కదా రావన్నావు?"

"వస్తాయి. శుక్రవారం మేడమ్ చెప్పారు."

ఛాయ మొహం తెల్లబోయింది. "మర్చిపోయావా?" అంది. ఆమె ఇంకా అతన్ని మంచివాడనే అనుకుంటోంది. తలూపితే చాలు, గట్టెక్కుతాడు.

"లేదు. తెలిసే అబద్ధం చెప్పాను. మనోజ్ ఆ ప్రశ్న రాయకూడదని."

చుట్టూ ఉన్న పిల్లలు తలలెత్తారు. ఎవరో "ఛీ" అన్నారు. సింహాద్రి మనోజ్ వైపు చూడలేకపోయాడు. బి సెక్షన్ వాళ్ళందరినీ రమ్మని కేకేశాడు. నేల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు.

"నూనె కంటే నీళ్ళు బరువు. మండే నూనెలో పోస్తే నీళ్ళు కిందికి పోతాయి. నూనె పైకి తేలి ఇంకా మండుతుంది. చిమ్ముతుంది కూడా. కరెంటు మంట మీద కూడా నీళ్ళు పోయకూడదు, షాక్ కొడుతుంది."

ఛాయ ఏడుస్తోంది. ఆమెకు ఒక్క ముక్కా ఎక్కడం లేదు. అప్పుడు మనోజ్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. సింహాద్రి వైపు చూడలేదు.

"ఛాయా, ఇటు చూడు. నీళ్ళెక్కడికి పోతాయి?"

"కిందికి."

"నూనె?"

"పైకి."

"అంతే. అదే రాసెయ్."

గంట మోగింది.

ప్రశ్న వచ్చింది. ఐదు మార్కులకే వచ్చింది.

ఏప్రిల్‌లో ఫలితాలు చెప్పారు. ఛాయ పాసైంది. మనోజ్ ఫస్ట్. సింహాద్రి సెకండ్. ఈసారి అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేదనిపించింది. సిగ్గు అంతకంటే బరువుగా ఉంది.

సాయంత్రం మనోజ్ వాళ్ళింటికి వెళ్ళాడు. మనోజ్ గుమ్మంలో సైకిలు తుడుస్తున్నాడు.

"కంగ్రాట్స్‌రా."

"ఊఁ. క్యాంపుకి టోపీ కొనాలి. బజారుకి పోతున్నాను. వస్తావా?"

"వస్తాను. కానీ మనోజ్, ఆ రోజు నేను..."

మనోజ్ చేతిలో గుడ్డ ఆగింది.

"ఆ మాట నా దగ్గర ఎత్తకు."

"ఒక్కసారి సారీ చెప్పనీరా."

"వద్దు. ఇవాళా వద్దు, ఎప్పుడూ వద్దు. నేనూ ఎత్తను."

క్షమించానని అతను అనలేదు. సైకిలు రోడ్డు మీదికి తీశాడు. సింహాద్రి వెనకాలే నడిచాడు. టోపీ కొన్నారు, ఇంటికొచ్చారు. ఆ సంగతి మనోజ్ మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు.