మేక మేసిన గులాబీ

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమ దినాలు మొదలవుతున్నాయంటే, విమలమ్మ ఏటా ప్రొద్దుటూరులో చెల్లెలింటికి పోయి నాలుగు రోజులుండి వస్తుంది. ఈసారీ అలాగే పొద్దున బస్సుకు జమ్మలమడుగులో దిగి, ఇంటి గేటు తీసి నిలబడిపోయింది. గులాబీ చెట్టు మోకాలెత్తున మోడై ఉంది.

పెళ్లినాడు ఆమె తల్లి తడిగుడ్డలో చుట్టిచ్చిన కొమ్మ అది. దాని మీద ఆమె కత్తెర పడనివ్వదు. వాడిన పువ్వును సైతం తుంచనివ్వదు. రెండేళ్ల కిందట పోయిన భర్త శాంసన్ సమాధి మీద ఈస్టర్ తెల్లవారుజామున పెట్టాలనుకునేది ఆ పూలే.

"జీవితా! చెట్టుకేమైందే?"

కోడలు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "పక్కింటి మేక మేసిందత్తా."

"మేక యాడిది? సైదున్నీసా పోయిన బక్రీదుకే అమ్మేసె గదా! అయినా మేక ఇంత నున్నగా కోస్తాదా?"

జీవిత తల దించుకుంది. "నేనే కోసినా."

"పండగ ముందర నా మొగుని సమాధికి పూలు లేకుండా చేస్తివి గదే! కూతురనుకుంటి నిన్ను. పాముకు పాలు పోసి పెంచుకుంటి."

ఆ కేకలకు ప్రహరీ అవతల నుంచి సైదున్నీసా తొంగి చూసింది.

"ఆ పిల్లనేం అనొద్దు విమలక్కా. నా మేక ఏనాడూ నీ చెట్టు ముట్టలేదు. నువ్వు ఊరికి పోతానే శాంసనన్నే కోసేవాడు. ఇప్పుడు కోస్తేనే పండగకు పూస్తాదంట. నీకు తెలిస్తే ఏడుస్తావని మేక మీద పెట్టినాం."

"ఏటా నీ గడప ముందర నిలబడి తిడితి గదా నిన్ను!"

"పడితి. అన్న అడిగె, కాదనలేకపోతి."

విమలమ్మ మెట్టు మీద కూలబడింది. కట్టుకున్నవాడు, కోడలు, పక్కింటామె, అందరూ ఒకటే. తెలియనిది తనొక్కతికే. కోసిన కొమ్మల కన్నా అదే ఆమెను ఎక్కువ కోసింది.

"పోయిన పండగకు రెండే పూలు పూసె" అంది జీవిత ఏడుస్తూ. "నువ్వు అంగట్లో కనకాంబరాలు కొని, సమాధికాడ ఆయనకు క్షమాపణ చెప్పుకుంటివి. చూడలేకపోతినత్తా. కోసేది మామే నేర్పించినాడు, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకొని."

విమలమ్మ లేచి లోపలికి పోయింది. శ్రమ దినాలన్నీ కోడలు పెట్టింది తిన్నది గానీ నోరు విప్పలేదు. అయినా పొద్దున లేస్తూనే చెట్టు దగ్గరికే పోయేది. మోళ్లకు ఎర్రటి చిగుళ్లొచ్చాయి, తర్వాత మొగ్గలొచ్చాయి.

ఈస్టర్ నాటికి చెట్టు పూలతో వంగిపోయింది. విమలమ్మ బుట్ట నిండా కోసుకొని, ముందు సైదున్నీసా తలుపు తట్టింది. నిద్రకళ్లతో వచ్చిన ఆమె జడలో ఒక పువ్వు తురిమింది. "మేకను తిట్టిన తిట్లకు" అని మాత్రం అని వచ్చేసింది.

సమాధి మీద పూలు పేర్చాక ఆమెకు దుఃఖం ఆగలేదు. "చెప్పింటే ఒక దినం ఏడ్చి ఊరుకుందును గదయ్యా. ఇన్నేండ్లు అబద్ధంతో కాపురం చేస్తివే."

జీవిత భయపడుతూనే పక్కన కూర్చుంది. విమలమ్మ ఆమె చేతిని లాక్కొని, కోసినప్పుడు ముళ్లు గీరిన మచ్చల మీద బొటనవేలుతో రాసింది.

"వచ్చే ఏడు నేను ప్రొద్దుటూరు పోను. నా ముందరే కొయ్యి. ఏడుస్తే ఏడుస్తా."