దేశాలకు మొక్కిన మావయ్య

వియ్యపురాలు వస్తే వీధిలోకి ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళిచ్చే ఇల్లది. అలాంటి ఇంటి గేటుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, అడ్డంగా కర్ర పట్టుకు నిలబడ్డాడు ఆంజనేయులు! గేటు అవతల, అప్పుడే చేపల వ్యానులోంచి దిగిన వీరమ్మ చంకలో బుట్టతో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నాగాయలంక నుంచి గుడివాడ దాకా ఐసు పెట్టెల మధ్య కూర్చుని వచ్చిందేమో, మే నెల ఎండలో కూడా పాపం వణికిపోతోంది. లోపల కిటికీ ఊచలు పట్టుకుని ఆయన కోడలు, నెలలు నిండిన రోజా "అమ్మా..." అంది. అంతే, ఇద్దరూ ఏడుపందుకున్నారు. ఆ తల్లీకూతుళ్ళు కార్చిన కన్నీటికి ఎండిపోయిన కాలవ పారిందనీ, రైతులు తొందరపడి నారుమళ్ళు దున్నుకున్నారనీ ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మేవాళ్ళు నమ్మండి, లేనివాళ్ళు వెళ్ళి కాలవనే అడగండి!

"బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు రెండు వారాలు విడిగా ఉండాలి చెల్లెమ్మా," అన్నాడు ఆంజనేయులు. "న్యూజిలాండ్‌లో అంతే."

"నేను నాగాయలంక నుంచి వచ్చాను గదా అన్నయ్యగారూ."

"న్యూజిలాండ్ వాళ్ళకి నాగాయలంక బయటి దేశమేనమ్మా."

పూర్వం ఆయన ఇలాంటి మనిషి కాదు. చేపల కొట్టు తప్ప లోకం తెలియదు. ఆయన భూగోళం గుడివాడలో మొదలై అవనిగడ్డ దాటేసరికి అయిపోయేది. లాక్‌డౌన్ వచ్చి కొట్టు మూతబడ్డాక టీవీ ముందు కూర్చున్నాడు. ఏ దేశం ఎప్పుడు మూసిందో, ఏ దేశం మూయకుండా నిక్కిందో, ఎక్కడ ఎంతమంది పోయారో... నెల తిరిగేసరికి ప్రపంచమంతా ఆయన నాలిక మీదుంది! తెలుసుకుని ఊరుకుంటే బాగుండును. ఆదివారం ఆదివారం "ఈ వారం మనింట్లో ఫలానా దేశం" అని ప్రకటించడం మొదలుపెట్టాడు.

చైనా వారంలో పెరటి తలుపుకు చెక్కలు కొట్టి బిగించాడు. మరుగుదొడ్డి పెరట్లో ఉందన్న సంగతి ఆ సాయంత్రం ఆయనకే ముందు గుర్తొచ్చింది. స్వీడన్ వారం వచ్చినప్పుడు అందరూ సంతోషించారు. మనుషుల్ని నమ్మాలి, గేటు తీసే ఉంచుతాను అన్నాడు మరి! ఎదురింటి దర్జీ తుమ్మేదాకా నమ్మాడు. కొరియా వాళ్ళు అందరికీ పరీక్షలు చేస్తున్నారని విన్నాక మాత్రం ఆయనకు నిజంగా ఒక ఉపాయం తట్టింది. ఈ జబ్బు వస్తే ముక్కుకు వాసన తెలియదట. అందుకని పొద్దున్నే ఎండు రొయ్యల డబ్బా మూత తీసి ఇంటిల్లిపాది ముక్కు దగ్గరా పెట్టేవాడు. తక్కిన దేశాలు వారం చొప్పున పోయాయిగానీ ఈ పరీక్ష మాత్రం పోలేదు. ఆ రొయ్యలు వీరమ్మ చేత్తో ఎండబెట్టి పంపినవి. వాసన తగలగానే రోజా కళ్ళు నిండిపోయేవి. కోడలికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఇదేం లక్షణమో అని మావయ్య మళ్ళీ టీవీ ముందుకు పరిగెత్తేవాడు!

నవ్వులాటకేంగానీ, రోజా గుండెలో ఉన్న భయం ఎవరికి చెప్పుకుంటుంది? తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో తీసుకెళ్దామనుకున్న తల్లిని దారులన్నీ మూసి ఆపేశారు. ఐసు మిషన్ల పని మీద విశాఖపట్నం వెళ్ళిన భర్త శ్రీకృష్ణ అక్కడే చిక్కుకున్నాడు, ఫోనులో ముక్కు ఎగబీల్చడం తప్ప చేసేదేం లేదు. పోయిన ఏడాది ఆరో నెలలోనే కడుపు పోయి, ఆసుపత్రి మంచం మీద ఒట్టి చేతులతో పడుకున్నప్పుడు ఆ చేతుల్ని పట్టుకుని కూర్చున్నది అమ్మే... ఈసారి నొప్పులు మొదలయ్యేసరికి ఆ చెయ్యి పక్కన లేకపోతే? రోజుకోసారైనా ఆ ఆలోచన వచ్చేది, వచ్చినప్పుడల్లా లోపల బిడ్డ కూడా కదలడం మానేసినట్టుండేది. ఆ చెయ్యి ఇప్పుడు వీధి దాకా వచ్చింది. గేటు దాటి రాలేదు!

వీధి అవతల చేపల పెట్టెలు పెట్టుకునే రేకుల షెడ్డుంది. వీరమ్మకు అందులో విడిది ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే తల్లి షెడ్డు మెట్టు మీద కూర్చుని చెయ్యి ఊపడం కనిపించేది తప్ప లోపల ఏముందో తెలిసేది కాదు. రేకుల కింద అమ్మ ఎలా ఉడికిపోతోందో అని రోజా అన్నం ముద్ద మింగలేకపోయేది. అదే రోజు వసారాలో మావయ్య పక్క దగ్గరుండే ఫ్యానూ మడతమంచమూ మాయమయ్యాయి. అవేమయ్యాయని అత్తయ్య దేవమ్మ అడిగితే, "స్వీడన్‌లో ఫ్యాన్లుండవు, నేల మీద పడుకుంటే ఒంటికి మంచిది," అన్నాడు.

"ఈ వారం న్యూజిలాండ్ గదా?"

"రెండూ చల్లటి దేశాలేనే."

ఇంతలో వచ్చింది అసలు తగాదా. వ్యాను నడిపే మాబు చేపలిచ్చి వెళ్తుంటే వీరమ్మ షెడ్డులోనే స్టవ్వు మీద పండుగప్ప పులుసు కాచి, గిన్నెలో పోసి, కూతురి కోసం గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళేది. ఆ వాసన వీధి వీధంతా తిరిగి, సందులో నిద్రపోతున్న కుక్కల్ని లేపి, రోజా ముక్కు దాకా వచ్చేది... గిన్నె మాత్రం వచ్చేది కాదు! దిగుమతులు నిషేధం, పిల్లులకు పెట్టేశాను అనేవాడు మావయ్య. తల్లి చేతి కూడు పిల్లుల పాలయిందా అని రోజా దిండు తడిపేసింది. ఇంత రాతిగుండె మనిషికి కోడలినయ్యానా అని మొదటిసారి అనుకుంది.

ఒకరోజు పొద్దున రొయ్యల డబ్బా దేవమ్మ చేతికి వచ్చింది. అందరికీ అయ్యాక మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. ఆయన డబ్బా పట్టుకోబోతే ఆ చెయ్యి పట్టుకుని తనే వాసన చూసింది. మళ్ళీ చూసింది. మీసం కూడా చూసింది.

"ఈ పిల్లికి మీసాలు బాగానే ఉన్నాయమ్మా రోజా," అంది.

ఆంజనేయులు మీసం తుడుచుకున్నాడు. బయటి కూడు కదా, కోడలికి పెట్టేముందు తన మీద ప్రయోగం చేస్తున్నానన్నాడు. మందులన్నీ అలాగే కదా పరీక్షిస్తారన్నాడు. రోజూనా అని దేవమ్మ అడిగితే తల గోక్కున్నాడు. "ఆవిడ గిన్నెలో చెయ్యి పెట్టినవాడివి నువ్వూ బయటి దేశపోడివే, పద షెడ్డుకి!" అని దేవమ్మ ఆయన మొలతాడుకున్న తాళంచెవి లాగి, గేటు తీసి, చెయ్యి పట్టుకుని వీధి దాటించింది. వెనకాలే రోజా పొట్ట పట్టుకుని నడిచింది.

షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల... వసారాలోంచి మాయమైన ఫ్యాను తిరుగుతోంది. మడతమంచం మీద కొత్త దోమతెర. రేకుల వేడి దిగకుండా లోపలివైపు తాటాకులు కట్టి, తడిపిన గోనెలు వేలాడగట్టి ఉన్నాయి. రోజూ తెల్లారగానే అన్నయ్యగారే వచ్చి తడిపి వెళ్తారని వీరమ్మ చెప్పింది. మావయ్య వీపంతా చెమటకాయలు పేలి ఎర్రగా ఉండటం రోజా అప్పుడే చూసింది.

"మరి అమ్మను లోపలికి ఎందుకు రానివ్వలేదు మావయ్యగారూ?"

"పోయినేడు నువ్వు ఒట్టి చేతుల్తో ఆటో దిగావు. అది నేను మళ్ళీ చూళ్ళేనమ్మా. ఏ దేవుడు వింటాడో తెలియనప్పుడు అందరికీ మొక్కుకుంటాం గదా. ఏ దేశం చెప్పేది నిజమో నాకెలా తెలుస్తుంది? అందుకని అన్నిటికీ మొక్కాను."

రోజా వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది, పొట్ట అడ్డమొచ్చింది. అందరూ ఏడుస్తూనే నవ్వారు. ఏదో దేశంలో తన రూలు తనే తప్పిన మంత్రి ఏం చేశాడని దేవమ్మ అడిగితే, రాజీనామా చేశాడని ఆంజనేయులు బుద్ధిగా ఒప్పుకున్నాడు. ఆ క్షణం నుంచి గద్దె దేవమ్మది. ఆవిడ మొదటి చట్టం వీరమ్మ చెయ్యి పట్టుకుని గడప దాటించడం. ఆ మధ్యాహ్నం రోజా తిన్న అన్నానికి గుడివాడలో బియ్యం ధర పెరిగిందంటారు!

ఆ వారంలోనే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో తోడుకు ఒక్క మనిషినే రానిస్తామన్నారు. ముందే మూట సర్దుకుని వ్యానెక్కి కూర్చున్న దేవమ్మ, రోజా ముఖం చూసి కిందికి దిగింది. మనవడో మనవరాలో, ముందు నేనే చూడాలని ఏడాదిగా అంటున్న మనిషి! మూట వీరమ్మ చేతిలో పెట్టి, "నువ్వెళ్ళు వదినా. దానికి కావలసింది నీ చెయ్యి," అంది.

రోజా ఆ చెయ్యి వదల్లేదు. ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఏడ్చిన ఏడుపు దివిసీమలో పడవలకు వినిపించిందని మాబు ప్రమాణం చేసి చెబుతాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. ఆంజనేయులు రెండు చెంబులతో నీళ్ళు పట్టుకుని వీధిలో నిలబడ్డాడు, ఒకటి వియ్యపురాలికి, ఒకటి కోడలికి. ఈసారి బిడ్డతో నిండిన కోడలి చేతుల్ని చూసి, వాళ్ళ కాళ్ళకివ్వాల్సిన నీళ్ళు సగం తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. గదిలో రోజా మంచం పక్కన ఆ పాత ఫ్యాను, పసిదానికి నేరుగా తగలకుండా గోడవైపు తిప్పి, మెల్లగా తిరుగుతోంది.

"ఇదేంటి మావయ్యగారూ, స్వీడన్‌లో ఫ్యాన్లుండవన్నారు?" అంది రోజా నవ్వు ఆపుకుంటూ.

"ఉంటాయటమ్మా," అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళే టీవీలో చెప్పారు."